కారులోకి నీళ్లొస్తున్నాయి, అమ్మిన డీలర్ మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: నాలుగు నెలల కిందట పాత కార్లు అమ్మే ఒక డీలర్ దగ్గర పదకొండేళ్ల కారు కొన్నాను. కొనే ముందు వాట్సాప్‌లో "వానకి లోపలికి నీళ్లేమైనా వస్తాయా?" అని అడిగితే "అలాంటిదేం లేదు సార్, బండి సూపర్ కండిషన్" అని రాశాడు. మొదటి పెద్ద వానకే ఎడమవైపు ముందు సీటు దగ్గర కార్పెట్ తడిసి ముద్దయింది. ఒక గ్యారేజీలో ముందు అద్దం తీసి మళ్లీ బిగించి బిల్లు వేశారు, లీకు మాత్రం ఆగలేదు. మళ్లీ వెళ్తే ఈసారి డోర్ రబ్బర్లు మార్చాలంటున్నారు. డీలరేమో "ఉన్నది ఉన్నట్టుగా అమ్మాం, కాగితం మీద సంతకం పెట్టారుగా" అంటున్నాడు. ఎవరి మీద కేసు వేయాలి?

జవాబు: కేసు వేయొచ్చు. ఎవరి మీద అన్నది మాత్రం నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేలాకే చెప్పగలను. మీరు కోపంలో ఉన్నారని తెలుసు, కానీ "కారు లీకవుతోంది" అని ఒక్క మాట రాసి నోటీసు పంపితే డీలర్ గ్యారేజీ మీదికి, గ్యారేజీ బండి వయసు మీదికి తోసేస్తాయి.

కాబట్టి ముందు లీకు సంగతి. ఎండరోజున ఏసీ వేసి తిరిగినా అక్కడ తడి కనిపిస్తోందా? అయితే అది వాననీరు కాదు, ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు. తడి జిగటగా ఉండి తియ్యటి వాసన వస్తూ, బానెట్ కింద కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) కూడా తగ్గుతోందంటే హీటర్ కోర్ వైపు, అంటే లోపలికి వేడి గాలి ఇవ్వడానికి ఆ కూలెంట్ తిరిగే భాగం వైపు చూడాలి. వాన పడ్డప్పుడే వస్తోందంటే, వైపర్ల కింద ప్లాస్టిక్ జాలీ ఉంటుంది చూడండి, దాని లోపల ఎండుటాకులు పేరుకుని నీళ్లు దిగే దారి మూసుకుపోతే మట్టం పెరిగి బ్లోయర్‌లోకి (ఏసీ గాలిని లోపలికి తోసే ఫ్యాన్) గాలి వెళ్లే దారిలోంచే లోపలికి దిగుతాయి. మన కార్లలో చాలావాటికి బ్లోయర్ ఎడమవైపే కాబట్టి మీ కేసులో నేను మొదట అనుమానించేది దీన్నే. ఇవి కాకపోతే డోర్ లోపలి ప్లాస్టిక్ షీటు ఊడటం, సన్‌రూఫ్ ఉంటే దాని గొట్టాలు మూసుకుపోవడం, ఇంజన్ వైపు నుంచి వైర్లు వచ్చే చోట రబ్బరు బిరడా పగలడం, బాడీ అతుకుల్లో సీలెంట్ చిట్లడం. మీ గ్యారేజీవాళ్లు ఇవేవీ చూడకుండా నేరుగా అద్దం ఎందుకు ఊడదీశారో నాకైతే అర్థం కాలేదు.

వెతికే పద్ధతి తేలికే, ఓపిక కావాలి. కార్పెట్ ఎత్తి, ఒకరు లోపల టార్చితో కూర్చుంటే ఇంకొకరు బయటి నుంచి పైపుతో, ప్రెషర్ లేకుండా, కింది నుంచి పైకి, ఒక్కో చోట కొన్ని నిమిషాలు నీళ్లు వదలాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిటి మీదుగా జారి ఏది దోషో తెలీదు. ఈ పరీక్ష వేరే మెకానిక్‌తో చేయించండి, నంబర్ ప్లేటు నుంచి మొదలుపెట్టి ఆపకుండా వీడియో తీయండి, ఎక్కడి నుంచి వచ్చాయో, ఎంతకాలంగా వస్తున్నట్టు కనబడుతోందో లెటర్‌హెడ్ మీద రాయించి సంతకం తీసుకోండి. అప్పటిదాకా కొత్త సీలెంట్ పూయనివ్వకండి, పూస్తే పాత ఆనవాళ్లు పోతాయి.

"ఎంతకాలంగా" అన్నదే మీ కేసుకి ప్రాణం. కారణం ఆకులు అడ్డుపడటమే అయితే అవి మీ చేతికి వచ్చాకే పడ్డాయని డీలర్ వాదిస్తాడు, నిజం చెప్పాలంటే ఆ కేసులో పెద్ద బలం లేదు, శుభ్రం చేయించుకుని వదిలేయమంటాను. అలాకాక కార్పెట్ కింద ఫ్లోర్ పొరలుపొరలుగా తుప్పు పట్టి ఉంటే, ఆ తుప్పు నాలుగు నెలల్లో వచ్చేది కాదు. అతుకుల మీద ఎవరో సిలికాన్ పూసి ఉంటే, అంతకుముందే లీకు తెలిసిన మనిషి ఒకడున్నాడన్నమాట. పనిలో పనిగా సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, అక్కడ బురద గీత, సీటు పట్టాల బోల్టులకు మట్టి కనిపిస్తే అది వరదలో మునిగిన బండి కావచ్చు. అప్పుడు మనం మాట్లాడాల్సింది లీకు గురించి కాదు, మోసం గురించి.

ఇక ఆ "ఉన్నది ఉన్నట్టుగా" కాగితం. దాన్ని చూసి అంత టెన్షన్ పడక్కర్లేదు, అలాగని చిత్తుకాగితమూ కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ కింద గుర్రం ఉదాహరణలు ఇచ్చారు. జబ్బు గుర్రాన్ని వేలంలో అమ్ముతూ జబ్బు సంగతి చెప్పకుండా ఊరుకుంటే అది మోసం కాదు. కానీ కొనేవాడు "నువ్వు కాదనకపోతే గుర్రం బాగానే ఉందనుకుంటా" అన్నాక కూడా నోరు విప్పకపోతే ఆ మౌనం మాటతో సమానం. మీ డీలర్ మౌనంగా కూడా లేడు, అడిగిన ప్రశ్నకి లేదని రాతపూర్వకంగా జవాబిచ్చాడు. అది తెలిసి ఆడిన అబద్ధమని చూపగలిగితే ఆ సంతకం అతన్ని కాపాడదు. ఆ వాట్సాప్ చాట్‌ని స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకుండా ఫోన్‌లోనే ఉంచండి, ఫోన్ మార్చినా పారేయకండి.

"మీరు చూసుకునే కొన్నారుగా" అనేది అతని రెండో వాదన. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు పరిశీలించి ఉంటే, ఆ పరిశీలనలో బయటపడాల్సిన లోపాల మీద ఫిర్యాదు చెల్లదు. అయితే టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినవాడు కార్పెట్ పీకి చూస్తాడా? చూడడు. "నేను మధ్యవర్తిని మాత్రమే" అంటే, 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లకు రవాణా అధికారి ఇచ్చే అనుమతి పత్రం తప్పనిసరి, అది చూపించమనండి. (ఇదే బండిని డీలర్ దగ్గర కాకుండా ఓ మామూలు యజమాని దగ్గర కొని ఉంటే వినియోగదారుల కమిషన్ దారి ఉండేది కాదు, సివిల్ కోర్టే.)

గ్యారేజీ విషయానికొస్తే, ఒకసారి రిపేరు ఫలించనంత మాత్రాన సేవాలోపం అయిపోదు. పాత బండిలో లీకు రెండు చోట్ల కూడా ఉండొచ్చు. కానీ పరీక్షే చేయకుండా అద్దం తీసి, బిల్లులో "లీకు సరిచేశాం" అని రాసి ఉంటే అది వేరు. వాళ్లని కూడా కేసులో రెండో ప్రతివాదిగా చేర్చాలా అన్నది కొత్త మెకానిక్ రిపోర్టు చూసి తేల్చుకోండి. ఒక జాగ్రత్త: డబ్బు విషయంలో గొడవపడి బండిని అక్కడే వదిలి రాకండి, చేసిన పనికి డబ్బు ఇచ్చేదాకా బండి ఆపుకునే హక్కు వాళ్లకుంది. బిల్లు మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి కట్టేసి బండి తెచ్చుకోండి. ఇన్సూరెన్స్ మీద ఆశ వద్దు, అరుగుదల వల్ల వచ్చిన లీకు అందులోకి రాదు.

రిపోర్టు చేతికొచ్చాక డీలర్‌కి పదిహేను రోజుల గడువిచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. కదలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, మీరు ఉండే జిల్లాలోనే, గడువు రెండేళ్లు, కారు 5 లక్షల రూపాయల లోపు కొన్నదైతే ఫీజు లేదు, లాయర్ కూడా తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా వేసుకోవచ్చు, దానికన్నా ముందు 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే కొందరు డీలర్లు అక్కడే దిగొస్తారు. కారు మొత్తం వెనక్కిచ్చి డబ్బంతా రాబట్టడం వరద బండి అని తేలితే అడగదగ్గ మాట. మామూలు లీకైతే రిపేరు ఖర్చు, పడ్డ ఇబ్బందికి కొంత, కేసు ఖర్చులు అడగండి.

కేసు తేలేదాకా కార్పెట్ తడిగా వదిలేయకండి. దాని కింద స్పాంజి నీటిని పట్టుకుంటుంది, సీటు కింద ఎయిర్‌బ్యాగ్ వైర్ల కనెక్టర్లు తుప్పు పడతాయి, ఆపగలిగిన నష్టాన్ని మీరే పెరగనిచ్చారని అవతలివాళ్లు పరిహారం తగ్గించమంటారు. వీడియో, రిపోర్టు అయిపోయిన వెంటనే లీకు బాగుచేయించి, ఊడదీసిన పాత రబ్బర్లు, తుప్పు ముక్కలు ఒక కవర్లో వేసి బిల్లులతో పాటు దాచండి. ఈలోగా డీలర్ ఫోన్ చేసి "తెచ్చి పెట్టండి, చేసిస్తాం" అంటే సరేననండి, కాకపోతే ఏం చేస్తాడో, ఎన్ని రోజుల్లో ఇస్తాడో మెసేజ్‌లో పెట్టమన్నాకే తాళాలు ఇవ్వండి.