రిలే ఎందుకు టక్కుమంటోంది?

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

పీసీ/104 అనే చిన్న కంప్యూటర్ కార్డు డిజైన్ మొదటిసారి గీస్తున్నానని, 104 పిన్నులు చూస్తే టెన్షన్‌గా ఉందని రాశావు. అన్నిటి జోలికీ వెళ్లక్కర్లేదురా. అది పాత ఐసా బస్సే, అంటే పాత పీసీల్లో కార్డుల్ని సీపీయూకు కలిపే తీగల వరసే. కార్డుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చుకునేలా ముఖ్యంగా కనెక్టర్ మార్చారు. నీది ఎనిమిది బిట్ల రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) కార్డు కాబట్టి 64 పిన్నుల కనెక్టర్‌తో పనైపోతుంది. 40 పిన్నుల దాన్ని పై కార్డుకు అందేలా వదిలేయ్.

ముందు ఒక్క సైకిల్‌ను నెమ్మదిగా చూడు. సీపీయూ 300 హెక్స్ పోర్టుకు, అంటే నీ కార్డు చిరునామాకు, ఒక బైట్ రాస్తోందనుకో. అడ్రస్ లైన్లు కుదురుకున్నాక, ‘పోర్టుకు రాయి’ అని చెప్పే ఐఓడబ్ల్యూ లైన్ కిందికి పడుతుంది. అది యాక్టివ్ లో సిగ్నల్, సున్నాలో ఉన్నంతసేపే పని. కాసేపటికి మళ్లీ పైకి లేస్తుంది. డేటాను లాచ్ చేయాల్సింది, అంటే పట్టి నిలుపుకోవాల్సింది, లేచేటప్పుడే. పడేటప్పుడు పట్టుకుంటే డేటా ఇంకా కుదురుకోకపోవచ్చు.

ఇక అసలు సంగతి, ఏఈఎన్ (అడ్రస్ ఎనేబుల్) అనే లైన్. నా మొదటి కార్డులో పది అడ్రస్ లైన్లు, ఐఓడబ్ల్యూ మాత్రమే చూసి నా పోర్టును గుర్తుపట్టేలా డీకోడర్ పెట్టాను. టేబుల్ మీద భేషుగ్గా నడిచింది. ఫ్లాపీకి ఫైలు కాపీ చేసినప్పుడు మాత్రం ఎవరూ ముట్టుకోని రిలే టక్కుమనేది. పవర్ సప్లైని అనుమానించాను, గ్రౌండ్ తీగలు లావువి వేశాను. పాపం, వాటి తప్పేమీ లేదు. ఫ్లాపీకి రాసేటప్పుడు డీఎంఏ కంట్రోలర్ (సీపీయూ ప్రమేయం లేకుండా డేటా మోసే చిప్పు) మెమరీని చదివిస్తూ, అదే సమయంలో ఐఓడబ్ల్యూను కూడా కిందికి లాగుతుంది. అప్పుడు అడ్రస్ లైన్ల మీద ఉండేది మెమరీ అడ్రస్, పోర్టు నంబర్ కాదు. దాని కింది పది బిట్లు 300 హెక్స్‌తో కలిశాయా, నా కార్డు ఆ బైట్ తనకే వచ్చిందనుకుని మింగేసేది. ప్రతి 1024 బైట్ల మెమరీలో అలాంటి అడ్రస్ ఒకటి ఉంటుంది మరి! డీఎంఏ నడుస్తున్నంతసేపూ ఏఈఎన్ పైన ఉంటుంది. అది కింద ఉన్నప్పుడే నీ డీకోడర్ పలకాలి. ఒక్క గేటు పని. దానికి నాకు వారం పట్టింది.

కార్డు నిదానమైతే ఐఓ ఛానల్ రెడీ లైన్‌ను కిందికి లాగి సీపీయూను ఆపొచ్చు. కానీ అది ఓపెన్ కలెక్టర్ లైన్. కిందికి లాగడం, వదిలేయడం, ఈ రెండే నీ పని. పైకి నెట్టావంటే ఇంకో కార్డుతో పోట్లాటే. 15 మైక్రోసెకన్లు దాటి పట్టుకోకు, మెమరీ రిఫ్రెష్ దెబ్బతింటుంది. రిలేలకు దీని అవసరమే రాదనుకో.

ఐసాలో 24 మిల్లీఆంప్స్ ఇచ్చే లైన్లు పీసీ/104లో చాలావరకు 4 మిల్లీఆంప్సే ఇస్తాయి. కాబట్టి డేటా లైన్లకు నాలుగు చిప్పులు తగిలించకుండా మధ్యలో ఒక 74హెచ్‌సీటీ245 బఫర్ చిప్పు (డేటాను రెండు వైపులా పంపగలిగేది) పెట్టు. నీ అడ్రస్ వచ్చి, ‘పోర్టును చదువు’ అనే ఐఓఆర్ లైన్ పడినప్పుడు మాత్రమే అది బస్సు వైపు తిరగాలి.

బోర్డు వచ్చాక ఆసిలోస్కోప్ మొదటి ఛానల్‌లో ఐఓడబ్ల్యూ, రెండో దాంట్లో ఏఈఎన్ పెట్టి, డీఎంఏ నడుస్తుండగా ఫొటో తీసి పంపు.

మీ మావయ్య