.32 తూటాలు ఇంట్లో నింపుకుంటే మిగులుతుందా? సమాధానం

తమ్ముడూ, గుంటూరులో మీ మామయ్య లైసెన్సు పిస్టల్‌కి .32 సైజు తూటాలు బాగా ఖరీదయ్యాయని, ఖాళీ కేసులు (పేల్చాక మిగిలే లోహపు గొట్టాలు) మళ్లీ నింపుకోవచ్చా అని అడిగావు. వద్దు.

డబ్బు సంగతి తర్వాత. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం తూటా తయారీకి వేరే లైసెన్సు ఉండాలి, పిస్టల్ లైసెన్సు అందుకు పనికిరాదు. 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం ఏడేళ్లు. నువ్వు చూసిన వీడియోలు అమెరికావి అయ్యుంటాయి.

అక్కడైనా ఈ సైజులో పెద్దగా మిగలదు. 71 గ్రెయిన్ల (తూటాల లెక్కలో వాడే చిన్న బరువు కొలత) గుండు వెనక తుపాకీ మందు రెండు గ్రెయిన్ల పైచిలుకే, అంటే గ్రాములో ఏడో వంతు. అంత చిన్న తూకంలో రవ్వంత తేడా వచ్చినా ప్రమాదమే. పైగా 17 మిల్లీమీటర్ల కేసుని పిస్టల్ ఎటో విసిరేస్తుంది. (మన బెజవాడ ఎండలో గడ్డిలో పాకుతూ వెతకడం ఊహించుకో!) ప్రెస్ (తూటా బిగించే యంత్రం), డైలు (దాని అచ్చులు), తూకం కొన్న ఖర్చు రావాలంటే వేలకొద్దీ పేల్చాలి. లైసెన్సులో రాసిచ్చే ఏడాది కోటా అందుకు ఏ మూలకీ చాలదు.

మామయ్యకు ప్రాక్టీసే కావాలంటే .177 సైజు ఎయిర్ పిస్టల్ (గాలి ఒత్తిడితో పెల్లెట్లనే చిన్న గుళ్లు పేల్చేది) కొనమను. పది మీటర్లలో కాగితం టార్గెట్ పెట్టుకుంటే ట్రిగ్గర్ మీద వేలు బాగా కుదురుతుంది, పెల్లెట్లూ చవకే.