మెడికల్ రెప్ ఉద్యోగం: చేరే ముందు ఏం అడగాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది బీఫార్మసీ పూర్తి చేశాడు. ఒక మందుల కంపెనీలో మెడికల్ రిప్రజెంటేటివ్‌గా ఆఫర్ వచ్చింది. డాక్టర్లకు గిఫ్టులిచ్చి మందులు రాయించుకోవడమే ఆ పని అని చుట్టాలు అంటున్నారు. వాడు మాత్రం చేరతానంటున్నాడు. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, నల్లగొండ

జవాబు: మీ చుట్టాలు చెప్పింది అబద్ధం కాదండీ, అలాగని పూర్తి నిజమూ కాదు. ఈ సలహాల పనిలోకి రాకముందు నేనూ మూడేళ్లు ఆ బ్యాగు మోసినవాణ్నే.

రాత్రి చివరి పేషెంటు వెళ్లేదాకా క్లినిక్ బల్ల మీద కూర్చోవాలి. లోపల దొరికే రెండు నిమిషాల్లో నాలుగు బ్రాండ్లు చెప్పాలి. అది అలవాటవుతుంది. అసలు టెన్షన్ పక్కనున్న మెడికల్ షాపులో మొదలవుతుంది. ఫలానా డాక్టరు గారి చీటీల మీద మన మందు ఎన్ని స్ట్రిప్పులు పోయిందో షాపతన్ని బతిమాలి రాసుకోవాలి. దీన్ని ఆర్‌సీపీఏ అంటారు. ఆ లెక్క మేనేజరుకు చేరుతుంది. ‘యాక్టివిటీ’ చేసిన డాక్టరు దగ్గర సేల్స్ పెరగకపోతే ఫోనులో తిట్లు తినేది రెప్పే. యాక్టివిటీ అంటే ఏమిటో మీకు అర్థమయ్యే ఉంటుంది, మీ చుట్టాలన్న ఆ గిఫ్టులే.

కంపెనీల నుంచి కానుకలు, టూర్లు, నగదు తీసుకోవద్దని మెడికల్ కౌన్సిల్ 2009లోనే డాక్టర్లకు చెప్పింది. ఆ నియమం డాక్టర్లకే గాని మాకు కాదని కంపెనీలు వాదిస్తూ వచ్చాయి. పైగా ఆ ఖర్చుకు పన్ను మినహాయింపు కూడా అడిగాయి! తీసుకోవడం తప్పయినప్పుడు ఇవ్వడం మాత్రం ఒప్పెలా అవుతుందని 2022 ఫిబ్రవరిలో ఎపెక్స్ ల్యాబొరేటరీస్ కేసులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును తోసిపుచ్చింది. ఆ ఖర్చంతా చివరికి మందు ధరలో కలిసి రోగి నెత్తినే పడుతుందనీ అంది.

2024 మార్చిలో కేంద్రం కొత్త మార్కెటింగ్ కోడ్ తెచ్చింది. డాక్టరుకే కాదు, వాళ్ల ఇంట్లోవాళ్లకూ గిఫ్టులు ఇవ్వకూడదు. ప్రసంగించడానికి వెళ్తే తప్ప కాన్ఫరెన్సుకు టికెట్లు కొనకూడదు. శాంపిళ్లకూ లెక్కుంది: ఒక మందువి ఒక డాక్టరుకు ఏడాదికి 12 ప్యాకులు మించకూడదు. అయితే ఫిర్యాదులు వినేది ముందుగా కంపెనీల సంఘాల కమిటీలే కాబట్టి, దీనికి ఎంత పదునుందో మీరే ఊహించుకోండి.

మీవాడికి పనికొచ్చే మాట ఒకటుంది. రెప్‌లు చేసే పనికి కంపెనీదే బాధ్యత అనీ, ఆ షరతు ఉద్యోగ ఒప్పందంలో ఉండాలనీ కోడ్ చెబుతోంది. ఆఫర్ లెటర్ తీసి అది ఉందేమో చూడమనండి. లేకపోతే హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగాలి, ఫోనులో కాదు. ఆ ఏరియాలో ఇప్పుడు పనిచేస్తున్న రెప్‌తో ఒక టీ తాగి, పోయిన మూడు నెలల్లో డాక్టర్లకు చేతులతో ఏమేం అందించావని అడిగితే సగం సంగతి తెలిసిపోతుంది.

సమాధానాలు బాగుంటే నిశ్చింతగా చేరనివ్వండి. ఊళ్లు తిరగడం, మనుషులతో మాట్లాడటం ఇష్టమైనవాడికి ఇది మంచి పనే. నచ్చకపోతే హైదరాబాద్‌లో ఫార్మకోవిజిలెన్స్ ఉద్యోగాలున్నాయి. మందుల దుష్ఫలితాల రిపోర్టులు పరిశీలించే పని అది, డాక్టరు గుమ్మం దగ్గర నిలబడక్కర్లేదు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ నోటిఫికేషన్ వస్తే బీఫార్మసీ వాళ్లూ అర్హులే, కానీ అది ఎప్పుడొస్తుందో నమ్ముకుని ఖాళీగా కూర్చోవద్దు.

చేరాక ఎప్పుడైనా మేనేజరు కవరు చేతికిచ్చి డాక్టరుకు ఇచ్చి రమ్మంటే, తీసుకోకముందే మీకు ఫోన్ చేయమని వాడితో ఇప్పుడే చెప్పి ఉంచండి.