టెక్ సందేహాలు: రెండు లైన్లున్నా నెట్ ఎందుకు ఆగింది?

ప్రశ్న: మాది రొయ్యల ఎగుమతి కంపెనీ. సర్వర్ రూముకి రెండు వేర్వేరు కంపెనీల లీజ్డ్ లైన్లు ఉండాయి. మొన్నటి వానకి రెండూ ఒకేసారి పోయినాయి. బిల్లింగ్ ఆగింది, కోల్డ్ స్టోరేజీ టెంపరేచర్ రిపోర్టులు ఆగినాయి. ఇంక రెండో లైనుకి నెలనెలా డబ్బులు కట్టి ఏం లాభం?
– ఓ పాఠకుడు, నెల్లూరు

జవాబు: ‘ఒకేసారి’ అంటే ఒకే సెకనులోనా, పది నిమిషాల తేడాతోనా? ముందు అది తేల్చుకోండి. రౌటర్ లాగ్‌లో టైము ఉంటుంది. ఒకే సెకనులో పోయి ఉంటే వానను అనుమానించే ముందు మీ గదిని అనుమానించండి. రెండు కంపెనీల మీడియా కన్వర్టర్లనూ (ఫైబర్ సిగ్నల్‌ను రాగి కేబుల్‌కి మార్చే చిన్న పెట్టెలు) ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి గుచ్చేయడం చాలాచోట్ల కనిపించేదే. ఆ బోర్డు ప్లగ్గు వదులైతే రెండు లైన్లూ పోతాయి. ఒకదాన్ని ఒక యూపీఎస్‌కి, రెండోదాన్ని ఇంకో యూపీఎస్‌కి పెట్టండి. యూపీఎస్‌లు రెండుంటే పైసా ఖర్చు లేని పని ఇది.

గదిలో తప్పేమీ లేకపోయినా, కొంత తేడాతో పోయి ఉన్నా కేబుల్ దారి చూడాలి. కంపెనీలు రెండైనా ఫైబర్ ఒకటే కావచ్చు. చిన్న ఆపరేటర్లు పెద్దవాళ్ల దగ్గర ఫైబర్ అద్దెకు తీసుకుని నడపడం మామూలే. ఫైబర్ వేరైనా గుంత ఒకటే కావచ్చు. నెల్లూరుకి ఇంకో చిక్కు ఉంది: పెన్న. 2021 నవంబరు వరదల్లో కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైల్వే లైనూ దెబ్బతింది. ఒక కంపెనీ కేబుల్ హైవే వెంట, రెండోది పట్టాల వెంట వేసి ‘రెండు దారులు’ అని చెప్పినా, ఏరు దాటే చోట అవి పక్కపక్కనే ఉండొచ్చు. పడమర వైపు తిప్పామన్నా, బుచ్చిరెడ్డిపాళెం మీదుగా అయితే మళ్లీ పెన్న దాటాల్సిందే. నెల్లూరు టౌనులో ఉన్నవాళ్లు రెండింటిలో ఒకటైనా పెన్న దాటకుండా గూడూరు మీదుగా చెన్నై వైపు పోయేలా చూసుకోవాలి.

సేల్స్ వాళ్లను ‘రిడండెన్సీ (ఒకటి పోతే ఇంకోటి ఆదుకునే ఏర్పాటు) ఉందా’ అని అడిగితే ఉందనే అంటారు. అలా కాదు, ఇవి అడగండి: మా గేటు నుంచి మీ పీఓపీ (మీ కంపెనీ నెట్ కేంద్రం) దాకా ఫైబర్ ఎవరిది? ఏ స్తంభాలు, ఏ మ్యాన్‌హోళ్ల మీదుగా వస్తుంది? నెల్లూరు దాటాక చెన్నైకా, విజయవాడకా? రూటు కేఎంజెడ్ ఫైలుగా (మ్యాపు మీద గీతగా తెరుచుకునేది) ఇమ్మనండి. రెండు కంపెనీల ఫైళ్లనూ గూగుల్ ఎర్త్‌లో ఒకదానిమీద ఒకటి తెరిస్తే గీతలు ఎక్కడ కలుస్తున్నాయో కనిపిస్తుంది. మాకు చెప్పకుండా రూటు మార్చరాదని ఒప్పందంలో రాయించండి. ఈ వాక్యం లేకపోతే మరమ్మతు పేరుతో ఏడాదిలోపే రెండూ ఒక దారికి వచ్చేయగలవు. అలాగే రెండు కేబుళ్లూ మీ ప్రహరీలోకి ఒకే పైపులో రాకూడదు. కాలువ తవ్వే జేసీబీకి ఏది మెయిన్, ఏది బ్యాకప్ అన్న తేడా తెలియదు.

ఒక్కోటి 99 శాతం పనిచేసే రెండు లైన్లు కలిస్తే 99.99 శాతం అని లెక్క వేసి చూపిస్తారు. అంటే ఏడాదికి దాదాపు 88 గంటల అంతరాయం 53 నిమిషాలకు తగ్గాలి. రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా చెడితేనే ఆ లెక్క నిలుస్తుంది. వరద, కరెంటు, జేసీబీ ఉమ్మడి అయినప్పుడు నిలవదు.

ఇక ఒక్క లైనే పోయినా మీ రౌటర్ రెండోదానికి మారిందా? మీడియా కన్వర్టర్‌తో వచ్చే చిక్కు ఇక్కడే. బయట ఫైబర్ తెగినా కన్వర్టర్‌కీ రౌటర్‌కీ మధ్య రాగి కేబుల్ బాగానే ఉంటుంది, లైటు పచ్చగానే వెలుగుతుంది. దాంతో లైను బాగుందనుకుని రౌటర్ ట్రాఫిక్‌ను అటే పోస్తూ ఉంటుంది. అందుకే లింకును నమ్మకుండా, అవతలి చివరను పింగ్ చేసి (చిన్న ప్యాకెట్ పంపి జవాబు వస్తోందా అని) చూసే ట్రాకింగ్ పెట్టాలి. ఒక్కో లైనుకి వేర్వేరు టార్గెట్ (పింగ్ చేసే అడ్రసు) ఇచ్చి, ఆ టార్గెట్‌కి స్టాటిక్ రూటును ఆ లైను మీదే కట్టేయండి. లేకపోతే రౌటర్ పోయిన లైను టార్గెట్‌ని రెండో లైను మీదుగా చేరుకుని ‘అంతా బాగుంది’ అనేస్తుంది. వరసగా 3 పింగ్‌లు పోతే మారేలా, తిరిగి వచ్చాక కనీసం 60 సెకన్లు నిలకడగా ఉంటేనే వెనక్కి వచ్చేలా పెట్టండి. ఈ రెండో గడువు లేకపోతే ఊగిసలాడే లైను మీద వీపీఎన్‌లన్నీ నిమిషానికోసారి తెగుతాయి.

ఇదంతా లోపలి నుంచి బయటికి వెళ్లే ట్రాఫిక్ సంగతి. బయటివాళ్లు మీ సర్వర్‌కి రావాలంటే సొంత ఏఎస్ నంబరు (ఇంటర్నెట్‌లో మీ నెట్‌వర్క్‌కి గుర్తింపు), కనీసం /24 ఐపీవీ4 బ్లాకు (256 అడ్రసులు) తీసుకుని రెండు కంపెనీలతోనూ బీజీపీ (మీ అడ్రసులకు దారి ఏదో ఇంటర్నెట్‌కి చెప్పే పద్ధతి) నడపాలి. మన దేశంలో ఇవి ఐఆర్‌ఐఎన్‌ఎన్ (ఇంటర్నెట్ అడ్రసులు కేటాయించే సంస్థ) దగ్గర దొరుకుతాయి. /24 కన్నా చిన్న బ్లాకును ఇంటర్నెట్‌లో ఎక్కువమంది తీసుకోరు. బీజీపీ పెట్టగానే పనైపోయిందనుకోకండి: చాలా రౌటర్లలో హోల్డ్ టైమ్ 180 సెకన్లు, అంటే లైను చచ్చిన సంగతి మూడు నిమిషాల దాకా తెలియకపోవచ్చు. బీఎఫ్‌డీని (లైను బతికుందో లేదో వెంటవెంటనే చూసే ఏర్పాటు) 300 మిల్లీసెకన్లు, 3 సార్లు అని పెడితే సెకనులోపే తెలుస్తుంది. దీన్ని అవతలి కంపెనీ కూడా ఆన్ చేయాలి, అడగందే చేయరు. అంత బడ్జెట్ లేకపోతే డీఎన్‌ఎస్ టీటీఎల్‌ను (మీ సర్వర్ అడ్రసును బయటివాళ్లు గుర్తుంచుకునే గడువు) 60 సెకన్లకు తగ్గించి, లైను పోతే అడ్రసు మార్చే ఏర్పాటు చేసుకోండి. మధ్యలో కొన్ని డీఎన్‌ఎస్ సర్వర్లు టీటీఎల్‌ను లెక్కచేయవు కాబట్టి ఇది రెండో రకం మందే.

ప్రశ్న: మా ఆస్పత్రిలో రెండు కోర్ (ప్రధాన) స్విచ్‌లను స్టాక్ చేశాం. రిడండెన్సీ పూర్తయినట్టేనా? ఇంకా భద్రంగా ఉంటుందని రెండో ఫ్లోర్ స్విచ్‌కి ఇంకో కేబుల్ వేస్తే మొత్తం నెట్‌వర్క్ నిలిచిపోయింది.
– ఒంగోలు

జవాబు: స్టాక్‌లో పెట్టెలు రెండు, మెదడు ఒకటే. ఒక పెట్టె కాలిపోతే రెండోది నడుస్తుంది, అంతవరకూ మంచిదే. కానీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తే చాలా మోడళ్లలో రెండూ కలిసి రీస్టార్ట్ అవుతాయి. సాఫ్ట్‌వేర్ బగ్ వచ్చినా రెండూ కలిసే పడతాయి. ఐసీయూ మానిటర్లు, ల్యాబ్ ఆ స్విచ్‌ల మీద ఉంటే నేనైతే స్టాక్ పెట్టను. ఎంఎల్‌ఏజీ (రెండు విడి స్విచ్‌లకు వేసిన కేబుళ్లు ఒకే కట్టగా పనిచేసే ఏర్పాటు) ఉన్న జత కొనండి. అందులో దేని సాఫ్ట్‌వేర్ దానిదే, విడిగా నడుస్తుంది, ఒకదాని తర్వాత ఒకటి అప్‌డేట్ చేయొచ్చు. వాటి మధ్య పీర్ లింక్‌కి కనీసం రెండు కేబుళ్లు వేయండి. ‘నువ్వు బతికే ఉన్నావా’ అని చూసుకునే కీపలైవ్ మాత్రం పీర్ లింక్ మీద కాకుండా మేనేజ్‌మెంట్ పోర్టు మీద నడవాలి. రెండూ ఒకే కేబుల్ మీద ఉంటే, అది తెగినప్పుడు ప్రతి స్విచ్చూ ‘అవతలిది చచ్చింది, ఇక నేనే పెద్ద’ అనుకుంటుంది.

మీ నెట్‌వర్క్ నిలిచిపోవడానికి కారణం లూప్. స్పానింగ్ ట్రీ (లూప్ వచ్చే దారిని తనే మూసేసే పద్ధతి) లేకపోతే బ్రాడ్‌క్యాస్ట్ ప్యాకెట్ రెండు కేబుళ్ల మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఈథర్‌నెట్ ఫ్రేముకి గడువు తీరి చచ్చిపోయే ఏర్పాటు లేదు. లాగ్‌లో ఒకే మ్యాక్ అడ్రసు (పరికరం గుర్తింపు సంఖ్య) ఒక పోర్టు నుంచి ఇంకో పోర్టుకి సెకనుకి ఎన్నోసార్లు మారుతున్నట్టు కనిపిస్తే అదే లూప్. రెండు కేబుళ్లనూ ఎల్‌ఏసీపీతో (రెండు వైపులా మాట్లాడుకుని కేబుళ్లను కలిపే పద్ధతి) ఒక కట్టగా కట్టి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. ఎల్‌ఏసీపీ లేకుండా ‘ఆన్’ అని బలవంతంగా కట్టొద్దు. కేబుల్ తప్పు పోర్టులో పెట్టినా అది పట్టుకోదు, సగం ప్యాకెట్లు గాలిలో కలుస్తాయి.

ఎల్‌ఏసీపీ ఉన్నా రాపిడ్ స్పానింగ్ ట్రీని ఆపొద్దు. పాత స్పానింగ్ ట్రీ (802.1డీ) తేరుకోవడానికి 30 నుంచి 50 సెకన్లు పడుతుంది. రాపిడ్ అయితే మామూలుగా ఒకటి రెండు సెకన్లు. రూట్ బ్రిడ్జి (దారులన్నిటికీ మూలమైన స్విచ్) ఎవరో మీరే నిర్ణయించండి: మొదటి కోర్‌కి ప్రయారిటీ 4096, రెండోదానికి 8192. అన్నిటినీ డిఫాల్ట్ 32768 మీద వదిలేస్తే తక్కువ మ్యాక్ అడ్రసు ఉన్న స్విచ్ రూట్ అవుతుంది. అది స్టోర్ రూములో మూలన పడి ఉన్న పాత స్విచ్చే కావచ్చు. వీఆర్‌ఆర్‌పీ మాస్టర్‌నూ (రెండు కోర్‌లలో గేట్‌వేగా నడిచేది) ఆ మొదటి కోర్ మీదే పెట్టండి. కంప్యూటర్లు తగిలించే పోర్టులన్నిటికీ బీపీడీయూ గార్డ్ (స్పానింగ్ ట్రీ సందేశం వస్తే పోర్టును మూసేసేది) పెట్టండి. ఎవరో ఇంటి నుంచి చిన్న స్విచ్ తెచ్చి గోడ పాయింట్లు రెంటినీ కలిపేసినా అక్కడితో ఆగుతుంది.

ప్రశ్న: లైనక్స్ సర్వర్‌లో రెండు 1జీ పోర్టులు బాండ్ చేశాను (కలిపి ఒకటిగా కట్టాను). బ్యాకప్ స్పీడు మాత్రం 1జీ దాటడం లేదు. – కందుకూరు

జవాబు: దాటదు. ఒక కనెక్షన్ మొత్తం ఒకే కేబుల్ మీద పోతుంది. పంపకం కనెక్షన్ల మధ్యే జరుగుతుంది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో స్ట్రీములు పెంచి, హ్యాష్‌ను (ఏ కనెక్షన్ ఏ కేబుల్ మీద పోవాలో తేల్చే లెక్క) లేయర్ 3+4 కి (ఐపీ అడ్రసు, పోర్టు నంబరు) మార్చి చూడండి. భద్రతే ముఖ్యమైతే మోడ్ 1 (ఒక పోర్టు నడుస్తుంటే రెండోది సిద్ధంగా ఉండేది) చాలు, స్విచ్‌లో ఏమీ మార్చక్కర్లేదు. ఎంఐఐమాన్ (ఎన్ని మిల్లీసెకన్లకోసారి లింకు చూడాలో చెప్పేది) విలువ 100 అని రాసిపెట్టండి. ఒక పోర్టు మదర్‌బోర్డుది, రెండోది విడి కార్డుది వాడండి. ఒకే కార్డులోని రెండు పోర్టులను బాండ్ చేస్తే కార్డు కాలిన రోజు రెండూ పోతాయి.

ప్రశ్న: రెండు 5 కేవీఏ యూపీఎస్‌లున్నాయి. ఒకటి ట్రిప్ అయితే రెండోదీ వెంటనే ట్రిప్ అయింది. – చీమకుర్తి

జవాబు: డిస్‌ప్లేలో లోడ్ చూడండి. ఒక్కోటి 70 శాతం నడుస్తుంటే, ఒకటి పోగానే రెండోదాని మీద 140 పడుతుంది. ఒక్కో యూపీఎస్ ఎప్పుడూ 40 శాతం దాటకూడదు. కొత్త సర్వర్ పెట్టిన ప్రతిసారీ ఈ అంకె చూసుకోవాలి. రెండింటికీ ఇన్‌పుట్ ఎంసీబీలు వేరుగా ఉండాలి. ఒక్క పవర్ సప్లై ఉన్న రౌటర్లకి ర్యాక్‌లో పెట్టే చిన్న ఏటీఎస్ (ఒక వైపు కరెంటు పోతే రెండోవైపుకి మార్చే పెట్టె) వాడండి. గ్రానైట్ పొడి ఊరు కాబట్టి యూపీఎస్ ఫ్యాన్ల జాలీలు నెలకోసారైనా దులపాలి. ఏసీ జనరేటర్ మీద ఉందా అన్నది కూడా చూడండి. కరెంటు పోయాక సర్వర్లు నడిచి, ఏసీ ఆగితే మన ఎండలకి గది ఎంతోసేపు తట్టుకోదు.

ప్రశ్న: ఇవన్నీ పెట్టాం. పనిచేస్తాయో లేదో ఎలా తెలుసుకోవడం? మేనేజర్ కేబుల్ పీకనివ్వడం లేదు. – కావలి

జవాబు: ఆదివారం రాత్రి ఒక గంట అడగండి. ఏం పీకుతారో, తేడా వస్తే ఎలా వెనక్కి వస్తారో కాగితం మీద రాసి చూపిస్తే ఒప్పుకుంటారు. ముందు కాన్ఫిగరేషన్ బ్యాకప్ తీసి, ప్రతి కేబుల్‌కీ రెండు చివర్లా లేబుల్ అంటించండి. ఒక ల్యాప్‌టాప్ నుంచి 0.2 సెకనుకోసారి పింగ్ నడుస్తూ ఉండాలి. 12 ప్యాకెట్లు పోతే 2.4 సెకన్లు ఆగినట్టు. కమాండ్‌తో షట్‌డౌన్ చేస్తే అది పరీక్ష కాదు, స్విచ్‌కి ముందే చెప్పి చేసినట్టు. కేబుల్నే పీకండి, పవర్ కార్డునే లాగండి. ఒక్కోటీ పీకి, పింగ్ నిలకడకి వచ్చాక తిరిగి పెట్టి, అప్పుడే తర్వాతదానికి వెళ్లండి. తిరిగి పెట్టినప్పుడు కూడా ప్యాకెట్లు లెక్కపెట్టండి, పోయేటప్పటికన్నా వచ్చేటప్పుడే ఎక్కువసేపు ఆగడం మామూలు.

ఫైబర్ జతలో ఒక్క పోగునే పీకే పరీక్ష కూడా చేయండి. నేరుగా కలిపిన 10జీ లింకుల్లో మామూలుగా రెండు వైపులా డౌన్ అవుతుంది. మధ్యలో మీడియా కన్వర్టర్ ఉంటే ఒక వైపు లైటు వెలుగుతూనే ఉండొచ్చు. అప్పుడు పింగ్ 90 సెకన్ల దాకా ఆగిందంటే ఎల్‌ఏసీపీ స్లో టైమర్ మీద ఉందని అర్థం. రెండు వైపులా ఫాస్ట్‌కి మార్చి మళ్లీ పీకండి, ఈసారి 3 సెకన్ల దగ్గర తేరుకోవాలి.