ఎయిర్‌పోర్టుకూ ఉంటుంది బంతి లెక్క

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఎయిర్‌పోర్టుల్లో రద్దీ అంచనా వేసే పని నేర్చుకుంటానంటోంది. అసలు అదో ఉద్యోగమా? గ్రూప్స్‌కో సాఫ్ట్‌వేర్‌కో వెళ్లమంటే వినడం లేదు.
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: ఉద్యోగమేనండీ. కాకపోతే ఆ పేరుతో ప్రకటన పడదు.

పెళ్లికి వెయ్యి మంది వస్తారని వెయ్యి కుర్చీలూ ఒకేసారి వేయం, బంతికి ఎంతమందో చూసుకుంటాం. టెర్మినల్ లెక్కా అదే. వైజాగ్ కొత్త ఎయిర్‌పోర్టు భోగాపురం. దాని మొదటి దశ ఏడాదికి 60 లక్షల మంది ప్రయాణికుల కోసం. రోజులకూ గంటలకూ సమంగా పంచితే గంటకు 700 మంది కూడా తేలరు. అంతమందికే కడితే, పొద్దున్నే నాలుగైదు విమానాలు వరసగా బయల్దేరే వేళ క్యూ రోడ్డెక్కుతుంది. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ వాళ్ల బండ లెక్క ఒకటుంది. 10 లక్షల నుంచి కోటి మంది దాకా వచ్చే చోట, ఏడాది మొత్తంలో 0.05 శాతాన్ని రద్దీ గంటకు వేసుకుంటారు. అంటే ఇక్కడ 3,000 మంది, వచ్చేవాళ్లూ వెళ్లేవాళ్లూ కలిపి.

అలాగని ఏడాది మొత్తంలో అన్నిటికంటే కిక్కిరిసిన గంటకూ కట్టరు. సంక్రాంతి రద్దీకి సరిపడా హాలు కడితే మిగతా రోజుల్లో దాని ఏసీ బిల్లు ఎవరు కడతారు? అందుకే బ్రిటన్‌లో, ఏడాదిలోని గంటలన్నిటినీ రద్దీ వరసలో పేర్చి, పైనుంచి 30వ గంటను కొలతగా పెట్టుకునే పద్ధతి వచ్చింది. అంతకు మించిన 29 గంటల్లో జనానికి ఇబ్బందేనని తెలిసే ఆ నిర్ణయం తీసుకుంటారు. ఈ పనిలో నాకు నచ్చేది అదే. సూత్రం ఎవరైనా వేస్తారు, ఎంత ఇబ్బంది ఒప్పుకోవచ్చో చెప్పడం కష్టం.

మన ఊళ్లో ఇంకో చిక్కుంది. ఇప్పటి ఎయిర్‌పోర్టు నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగ స్థావరంలో ఉంది. వాళ్ల అవసరాలు పోగా మిగిలిన వేళల్లోనే మన విమానాలు. కాబట్టి పాత అంకెల్లో కనిపించే రద్దీ గంట, జనం కోరుకున్న గంట కాకపోవచ్చు. ఆ అంకెలనే అలాగే ముందుకు పొడిగిస్తే కొత్త చోట లెక్క తప్పుతుంది.

ఇక దారి. గేట్ రాసి వరంగల్ ఎన్ఐటీ లాంటి చోట ట్రాన్స్‌పోర్టేషన్‌లో ఎంటెక్ చేయొచ్చు. స్టాటిస్టిక్స్, ఎక్సెల్, పైథాన్ తప్పవు. ఉద్యోగ ప్రకటనల్లో 'కెపాసిటీ ప్లానింగ్', 'మాస్టర్ ప్లానింగ్', 'ట్రాఫిక్ స్టడీ' అని వెతకాలి. దాచకుండా చెబుతున్నా, ఎయిర్‌పోర్టుల్లో ఇలాంటి పోస్టులు తక్కువ. కానీ ఇదే లెక్క మెట్రోకూ పనికొస్తుంది, బస్టాండుకూ పనికొస్తుంది.

ముందు ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టండి. వైజాగ్ నుంచి బయల్దేరే విమానాల వేళలు వారం పాటు రాసుకోమనండి. ఒక్కో విమానానికి 180 సీట్లు, నూటికి 85 నిండాయనుకుని, జనం గంట నుంచి రెండు గంటల ముందు వస్తారని పెట్టుకుని, పదిహేను నిమిషాలకోసారి చెక్-ఇన్ దగ్గర ఎంతమంది ఉంటారో పట్టీ వేయమనండి. రెండో రోజుకే విసుగొస్తే గ్రూప్స్ సంగతి అప్పుడు మాట్లాడండి. వచ్చేవాళ్ల పట్టీ కూడా వేస్తానని తనే అంటే మాత్రం, గేట్ ఫీజు కట్టేయండి.