అమెరికాలోని డ్యూమాంట్ టీవీ నెట్‌వర్క్ పదేళ్లకే ఎందుకు మూతపడింది?

కార్యక్రమాలు బాగాలేక మాత్రం కాదు. చేతిలో స్టేషన్లు లేక, డబ్బు లేక.

అలెన్ డ్యూమాంట్ పిక్చర్ ట్యూబులు, టీవీ సెట్లు తయారుచేసే ఇంజనీరు. 1946లో న్యూయార్క్, వాషింగ్టన్ స్టేషన్లను కలిపి నెట్‌వర్క్ మొదలుపెట్టాడు. పోటీ నెట్‌వర్కులైన ఎన్‌బీసీ, సీబీఎస్‌లకు రేడియో లాభాలు, రేడియో తారలు ముందే ఉన్నాయి. ఈయనకు అవేవీ లేవు.

అసలు దెబ్బ సొంత వాటాదారు వల్ల తగిలింది. ఒక్కో సంస్థకు ఐదు స్టేషన్లకు మించి ఉండకూడదని ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ నియమం. డ్యూమాంట్‌లో సినిమా సంస్థ పారామౌంట్‌కు వాటా ఉందని, పారామౌంట్ స్టేషన్లు రెండింటినీ ఈయన ఖాతాలోనే కలిపేశారు. దాంతో మూడు దగ్గరే ఆగిపోయాడు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. పైగా 1948 నుంచి 1952 దాకా కొత్త లైసెన్సులు ఆపేశారు. చాలా ఊళ్లలో ఒకటో రెండో స్టేషన్లు, అవి కాస్తా పెద్దవాళ్లవైపే మొగ్గాయి.

1952లో డ్యూమాంట్ హాస్యతార జాకీ గ్లీసన్‌ను సీబీఎస్ ఎగరేసుకుపోయింది. మిగిలిన బలం పిట్స్‌బర్గ్ స్టేషన్. ఆ ఊళ్లో ప్రసారం కావాలంటే పోటీదారులు కూడా డ్యూమాంట్ గడప తొక్కాల్సిందే. అప్పులు మీదపడి దాన్నీ 97.5 లక్షల డాలర్లకు వెస్టింగ్‌హౌస్ కంపెనీకి అమ్మేశారు. అక్కడితో నడుం విరిగింది. చివరి ప్రసారం 1956 ఆగస్టు 6న, ఒక బాక్సింగ్ పోటీ.

నన్ను ఎక్కువ బాధపెట్టేది తర్వాతి సంగతి. దాచిన కార్యక్రమాల ఫిల్ములను 1970లలో లారీలకెత్తి న్యూయార్క్ సముద్రపాయలో పారబోశారని నటి ఈడీ ఆడమ్స్ 1996లో వాంగ్మూలమిచ్చారు. ఇప్పుడు దొరుకుతున్నవి కొద్ది ఎపిసోడ్లే.