'స్వీట్లీ' ఎందుకు తప్పు?

మీ పాప 'ద మ్యాంగో టేస్ట్స్ స్వీట్లీ' అని రాస్తే టీచర్ తప్పు పెట్టింది, ఎందుకని అడిగారు. పాప అలా రాయడానికి కారణం మన 'గా'. పండు తియ్యగా ఉంది, తాత మెల్లగా నడిచాడు: తెలుగులో రెండుచోట్లా 'గా'నే. అందుకే పిల్లలు రెండింటికీ 'లీ' తగిలిస్తారు. ఇంగ్లీషులో మొదటిది పండు గుణం కాబట్టి 'స్వీట్', రెండోది నడిచే తీరు కాబట్టి 'స్లోలీ'. టీచర్ తప్పు పెట్టడం సరైనదే.

1. 'లీ' కావాలో వద్దో తేల్చుకోవడానికి, పాపను క్రియ తీసేసి అక్కడ 'ఈజ్' లేదా 'వజ్' పెట్టమనండి.
2. 'ద మ్యాంగో ఈజ్ స్వీట్'. అర్థం నిలిచింది, అంటే అది లింకింగ్ వెర్బ్ (కర్తను దాని గుణంతో కలిపే క్రియ). 'లీ' వద్దు.
3. ఇది ప్రతి వాక్యానికీ విడిగా చెయ్యాలి. చాలామంది వదిలేసేది ఇదే.

టేస్ట్, స్మెల్, లుక్, ఫీల్ ఎప్పుడూ లింకింగే అని జాబితా బట్టీ పట్టించకండి, దయచేసి. చిత్తూరు మండీలో వ్యాపారి తోతాపురి ముక్క కోసి, నోట్లో వేసుకుని, జాగ్రత్తగా రుచి చూశాడనుకోండి: 'హి టేస్టెడ్ ద మ్యాంగో కేర్‌ఫుల్లీ'. ఇక్కడ 'వజ్' పెడితే 'అతను మామిడిపండు' అన్న అర్థం వస్తుంది. కాబట్టి అది పని చెప్పే క్రియ, 'లీ' ఉండాల్సిందే.

'సీమ్'తో ఈ తిప్పలు లేవు, అది లింకింగే.

ఈ రాత్రికి ఈ రెండూ రాయించి చూడండి: 'ద లడ్డు స్మెల్స్ గుడ్', 'షి స్మెల్డ్ ద లడ్డు స్లోలీ'.